గట్టి స్పానిష్ రెడ్ వైన్ కావాలా? ముందు కూర ఏమిటో చెప్పండి

"ఆదివారం మటన్ వండుతున్నాం, స్పెయిన్ రెడ్ వైన్‌లో బాగా గట్టిది ఒకటి చెప్పు" అని నెలకొకసారైనా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. నేను బార్సెలోనాకి వచ్చి తొమ్మిదేళ్ళయింది కాబట్టి ఇక్కడి వైన్ల సంగతి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నేను తిరిగి అడిగేది ఒకటే. "మటన్ ఏం చేస్తున్నారు? వేపుడా, పులుసా, బిర్యానీనా?" ఫోన్‌లో అవతలివాళ్ళకి కాస్త విసుగొస్తుంది. కానీ ఆ సంగతి తెలియకుండా సీసా పేరు చెప్పడం నాకు చేతకాదు. ఒకసారి అలా తెచ్చి దెబ్బతిన్నాను.

ఇక్కడికి వచ్చిన రెండో ఏడు మా బావగారు గుంటూరు నుంచి వచ్చారు. బ్యాగులో రెండు కిలోల మిరప్పొడి తెచ్చారు. ఆయన కోసం నేను ఇక్కడికి దగ్గర్లోని ప్రియోరాట్ అనే ప్రాంతపు ఖరీదైన రెడ్ వైన్ సీసా కొన్నాను, లేబుల్ మీద ఆల్కహాల్ 15 శాతం అని ఉంది. ఆయన తెచ్చిన కారంతోనే మటన్ వేపుడు చేశాను, దించే ముందు మిరియాల పొడి కూడా చల్లాను. రెండు ముద్దలు తిని, ఒక గుక్క తాగి బావగారు గ్లాసు కింద పెట్టేశారు. "ఇది తాగితే మంట దిగుతుందనుకున్నా, ఇంకా రేగిందేంట్రా!" చివరికి ఇద్దరం మజ్జిగ తాగాం. మర్నాడు మధ్యాహ్నం అదే సీసాలో మిగిలిన వైన్‌ని మాంచెగో చీజ్‌తో, ఉప్పు మాత్రమే వేసి కాల్చిన గొర్రె మాంసంతో తాగాం. ఎంత బాగుందంటే, ముందురోజు తాగింది ఇదేనా అని బావగారు సీసా తిప్పి చూశారు.

సీసా అదే, వైన్ అదే, మారింది పళ్ళెం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ పళ్ళెం గురించే.

గట్టిదనం ఒకటి కాదు, మూడు

వైన్‌ని గట్టిది అన్నప్పుడు మనం మూడు వేర్వేరు గుణాలను ఒకే మాటలో కలిపేస్తాం. మొదటిది ఆల్కహాల్. తేలికపాటి వైన్ 12.5 శాతం దగ్గర ఉంటే, స్పెయిన్‌లో బాగా ఎండ కాసే చోట్ల పండిన ద్రాక్షతో చేసింది 14.5, 15 శాతం దాకా వెళుతుంది. గొంతులో వెచ్చగా దిగేది ఇదే. నాలుక మీద వేడిని, మిరపకాయ ఘాటుని పసిగట్టేది ఒకే రిసెప్టర్. ఆల్కహాల్ తగిలితే అది ఇంకా తొందరగా స్పందిస్తుంది. మా బావగారికి మంట రేగింది అందుకే.

రెండోది టానిన్. వైన్ పుస్తకాల్లో దీన్ని వివరించడానికి పేరాలు పేరాలు రాస్తారు. మనకి ఒక్క మాట చాలు: వగరు. దోసెడు నేరేడు పళ్ళు తిన్నాక నాలుక ఊదారంగుకి తిరిగి, బుగ్గలు లోపలికి లాగేసి, నోరు ఎండిపోయినట్టు ఉంటుంది చూడండి, అదే. ఉగాది పచ్చడిలో మామిడి పిందె తగిలినప్పుడు కలిగేదీ అదే. చిన్నప్పటినుంచీ వగరుని ఒక రుచిగా లెక్కపెట్టుకున్న వాళ్ళం కాబట్టి రెడ్ వైన్ రుచి చూడటంలో మనం ఎవరికీ తీసిపోము. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్ మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది, నోట్లో జారుడు తగ్గి గరుకుగా అనిపిస్తుంది. పక్కన మాంసం, కొవ్వు ఉంటే ఆ వగరు మెత్తబడుతుంది. ఏమీ లేకుండా తాగితే మాత్రం నోరు పిడచకట్టుకుపోతుంది.

మూడోది పీపా. ఓక్ చెక్క పీపాల్లో నెలల తరబడి ఉంచిన వైన్‌కి వనిలా, కొబ్బరి, లవంగం వాసనలు వస్తాయి. ఇది ఊరికే పోలిక చెప్పడం కాదు. లవంగానికి ఆ వాసననిచ్చే యూజెనాల్ అనే పదార్థమే కాల్చిన ఓక్ చెక్కలోనూ ఉంటుంది.

వీటి పక్కనే పులుపుని కూడా చూసుకోవాలి. చింతపండు, టమాటా పులుపు బాగా ఉన్న కూరతో పులుపు తక్కువున్న వైన్ తాగితే, ఆ వైన్ చప్పగా, నీళ్ళు కలిపినట్టు ఉంటుంది. ఇక ఎంపిక సూత్రం నా లెక్కలో ఇదీ: కారం ఎక్కువైతే ఆల్కహాల్ తగ్గాలి, కొవ్వు ఎక్కువైతే వగరు పెరగాలి, పులుపుకి పులుపున్న వైన్ కావాలి, గరం మసాలాకి పీపా వాసన కలిసొస్తుంది.

రకాలు ఎందుకు కలుపుతారు

స్పెయిన్‌లో పేరున్న గట్టి వైన్లు చాలావరకు రెండు మూడు ద్రాక్ష రకాల కలగలుపు. గర్నాచా అనే రకం పండిందంటే నిండా తీపి, దాంతో పులిశాక ఆల్కహాల్ కూడా ఎక్కువ. పళ్ళ రుచి పుష్కలం, కానీ పులుపు తక్కువ, గాలి తగిలితే తొందరగా డీలా పడుతుంది. కారిన్యేనా దానికి సరిగ్గా ఎదురు. పులుపు, రంగు, వగరు మూడూ దండిగా ఉంటాయి, ఒంటరిగా తాగితే మొరటుగా అనిపించవచ్చు. రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు, నూనె ఎవరి పని వాళ్ళు చేసినట్టే ఇది. తెంప్రానియో ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. గ్రాసియానో కొంచెం కలిపితే చాలు, పులుపూ సువాసనా పెరుగుతాయి. మొనస్త్రెల్‌ది తొక్క మందం, రంగు చిక్కన, వగరు ఎక్కువ.

సీసా వెనక లేబుల్ మీద ఈ పేర్లు, చాలాసార్లు శాతాలతో సహా, ఉంటాయి. ముందువైపు ఉండే బంగారు అక్షరాలకంటే నాకు ఆ వెనక రాతే ముఖ్యం.

ప్రియోరాట్: పలకరాళ్ళ మీద పండే వైన్

బార్సెలోనాలో రైలెక్కి రెండు గంటలు వెళ్తే మార్సా-ఫాల్సెట్ స్టేషన్ వస్తుంది. అక్కడినుంచి కొండదారిలో గ్రాతాయోప్స్ ఊరికి వెళ్ళాను ఒక సెప్టెంబర్‌లో. తోట చూపించిన పెద్దాయన ముందు ద్రాక్ష చూపించలేదు, కింద నుంచి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. నల్లగా, అక్కడక్కడా ఇటుక రంగులో, అభ్రకం తళుకులతో ఉంది. ఎండకి కాలి ఇంకా వేడిగా ఉంది. వేళ్ళతో గట్టిగా నొక్కితే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాడిని కాబట్టి నాకు వెంటనే అర్థమైంది, అది పలకరాయి. ఇక్కడివాళ్ళు లికొరెల్లా అంటారు. ఆ కొండ మీద మట్టి అనదగ్గది దాదాపు లేదు, అన్నీ పలక చెక్కలే. నీళ్ళ కోసం తీగ వేళ్ళు ఆ పొరల సందుల్లోంచి లోపలికి, ఇంకా లోపలికి దూరిపోతాయి. ముసలి తీగ ఒక్కోదానికి కిలో పండ్లు కూడా రావని పెద్దాయన చెప్పాడు. వాలు ఎంత నిటారుగా ఉందంటే, నిలబడి మాట్లాడుతుంటేనే నా కాలికింద రాళ్ళు జారుతున్నాయి. ట్రాక్టర్ ఎక్కలేని చోట్ల ఇప్పటికీ కంచరగాడిదలతో దున్నుతారు.

ఈ పేరు వెనక కథ పాతది. 1194లో కార్తూసియన్ సన్యాసులు ఇక్కడ స్కాలా దెయి అనే మఠం కట్టారు. దేవుడి నిచ్చెన అని దాని అర్థం. మఠాధిపతిని ప్రియోర్ అంటారు, ఆయన ఏలుబడిలోని నేల ప్రియోరాట్ అయింది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఫిలాక్సెరా పురుగు తోటల్ని తినేసింది, జనం వలస పోయారు. మళ్ళీ ఊపిరి పోసింది 1980ల చివర్లో వచ్చిన కొద్దిమంది. రెనె బార్బియే, అల్వారో పలాసియోస్, దాఫ్నీ గ్లోరియన్, జోసెప్ లుయీస్ పెరెస్, కార్లెస్ పస్త్రానా వాళ్ళలో ముఖ్యులు. 1989 పంటతో అందరూ కలిసి ఒకే వైన్ చేసి, వేర్వేరు లేబుళ్ళతో అమ్మారు. స్పెయిన్‌లో వైన్ ప్రాంతాలకి అధికారికంగా ఇచ్చే హోదాల్లో అత్యున్నతమైనది, రియోహా అనే ప్రాంతం తర్వాత, దక్కింది ప్రియోరాట్‌కే. తోటలన్నీ కలిపినా సుమారు రెండు వేల హెక్టార్లు మాత్రమే. రియోహాకి అరవై వేలకి పైన ఉన్నాయి. ధర ఎందుకంత ఎక్కువో ఈ లెక్క చూస్తే తెలిసిపోతుంది.

రుచి గురించి: చిక్కన, నల్లరేగు లాంటి పళ్ళ రుచి, నోటి చివర తడి రాయిని నాకినట్టు ఒక లవణపు ఛాయ. గర్నాచా, కారిన్యేనా ముఖ్యం, కొందరు సీరా, కాబెర్నే అనే ఫ్రెంచి రకాలు కూడా కలుపుతారు. ఆల్కహాల్ 14.5 నుంచి 15.5. మూడు గట్టిదనాల్లో ఆల్కహాల్, వగరు రెండూ ఇందులో నిండుగా ఉంటాయి.

అక్కడివాళ్ళు దీన్ని అడవిపంది మాంసంతో తాగుతారు. వైన్‌లోనే గంటల తరబడి ఉడికించి చిక్కటి ఇగురు చేస్తారు. మన వంటల్లో దీనికి సరిపడేది కారం తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్నదే. మెత్తగా ఉడికిన మేక తొడ, నెయ్యి వేసి, కారానికి మిరియాలు మితంగా దంచి వేసిన కూర, లేదా ఉప్పు, వెల్లుల్లి రాసి కాల్చిన గొర్రె పక్కటెముకలు. గుంటూరు కారంతో మాత్రం వద్దు. ఇంత డబ్బు పోసి కొన్నది నోటి మంటలో పోతుంది.

మోంట్‌సాంట్: నేను ఎక్కువసార్లు కొనేది

ప్రియోరాట్ చుట్టూ కంకణంలా ఉండే ప్రాంతం ఇది. 2001 నుంచి సొంత హోదా ఉంది. అవే ద్రాక్షలు, దాదాపు అదే ఎండ. పలకరాయి తక్కువ, బంకమట్టి, సున్నపురాయి, గ్రానైట్ ఎక్కువ. అందుకని వైన్ కాస్త మెత్తగా, తొందరగా తాగడానికి వీలుగా ఉంటుంది. ఒక ప్రియోరాట్ డబ్బుతో తరచు రెండు మోంట్‌సాంట్‌లు వస్తాయి. ఫోన్ చేసినవాళ్ళు ఏ వివరమూ చెప్పకపోతే నేను చెప్పే పేరు ఇదే.

ఈ ప్రాంతంలోని కాప్సానెస్ ఊరి సహకార సంఘం కథ నాకు ఇష్టం. బార్సెలోనా యూదు సమాజం వాళ్ళు మత నియమాల ప్రకారం చేసిన కోషర్ వైన్ కావాలని అడిగితే, 1995లో చేసి ఇచ్చారు. అందుకోసం వైన్‌శాలలో పరికరాలు, పద్ధతులు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ మార్పు తర్వాతే వాళ్ళ పేరు బయటి దేశాలకి పాకింది. అప్పటిదాకా పీపాలకొద్దీ టోకున అమ్ముకునే రైతులు వాళ్ళు.

మోంట్‌సాంట్ కొనేటప్పుడు కారిన్యేనా ఎంత ఉందో చూడండి. ఇక్కడి కాటలాన్ భాషలో దాన్ని సామ్సో అని రాస్తారు. అది సగం దాకా ఉంటే వైన్‌లో పులుపు నిలబడుతుంది. చింతపండు, టమాటా పడే మన కూరలకి అదే కావాలి. నాటుకోడి పులుసుతో, కారం ఒక మెట్టు తగ్గిస్తే, చక్కగా కుదురుతుంది. గోంగూర మటన్‌తో కూడా ప్రయత్నించాను. గోంగూర పాళ్ళు తగ్గించి, మాంసం ఎక్కువ వేసి, వైన్ కొంచెం చల్లగా ఇస్తే ఫరవాలేదు. ఉత్త గోంగూర పచ్చడి ముందు మాత్రం ఏ రెడ్ వైనూ నిలబడదు, నేను చూసినంతవరకు.

శాకాహారులకి మంచి జోడీ కూడా ఈ నేలలోనే ఉంది. ఇక్కడి తర్రగోనా జిల్లాలో రొమెస్కో అనే పచ్చడి చేస్తారు. బాదం, హేజల్ గింజలు వేయించి, ఎండు మిరపకాయ, వెల్లుల్లి, కాల్చిన టమాటాతో నూరి నూనె కలుపుతారు. ఆ మిరపకాయకి రంగు ఉంటుంది, ఘాటు తక్కువ. చలికాలంలో మంట మీద నల్లగా కాల్చిన కల్సోత్ అనే ఉల్లికాడల్ని దాంట్లో ముంచుకుని తింటారు. నేను మొదటిసారి తిన్నప్పుడు వేరుశెనగ, నువ్వులు వేయించి నూరే మన గుత్తి వంకాయ మసాలా గుర్తొచ్చింది. గింజల నూనె వగరుని పట్టుకుంటుంది, వంకాయ దాన్ని పీల్చుకుంటుంది. గుత్తి వంకాయ, మోంట్‌సాంట్ కలిపి మా ఇంట్లో ఇప్పుడు పండగ భోజనం.

రియోహా: పీపా మహిమ

పేరు చూసి రియోజా అనేస్తాం, స్పానిష్‌లో రియోహా. తెంప్రానియో ముఖ్యం, గర్నాచా, గ్రాసియానో, మసుఏలో తోడు. ఈ మసుఏలో అంటే పైన చెప్పిన కారిన్యేనాయే. మిగతా చోట్ల తోట పేరు చూసి కొంటారు, రియోహాలో ఎక్కువమంది వయసు చూసి కొంటారు. క్రియాన్సా అంటే అమ్మకానికి రాకముందు రెండేళ్ళు నిలవ ఉంచినది, అందులో కనీసం ఏడాది పీపాలో. రెసెర్వా అంటే మూడేళ్ళు, కనీసం ఏడాది పీపాలో, కనీసం ఆరు నెలలు సీసాలో. గ్రాన్ రెసెర్వా అంటే ఐదేళ్ళు, రెండేళ్ళు పీపా, రెండేళ్ళు సీసా తప్పనిసరి. సీసా వెనక అంటించే ముద్ర రంగుని బట్టి కూడా గుర్తుపట్టవచ్చు: క్రియాన్సాకి ఎరుపు, రెసెర్వాకి ముదురు వైన్ రంగు, గ్రాన్ రెసెర్వాకి నీలం, వయసు షరతు లేనిదానికి ఆకుపచ్చ.

పాతకాలపు రియోహా ఇళ్ళు అమెరికన్ ఓక్ పీపాలు వాడేవి, చాలామంది ఇప్పటికీ వాడతారు. వనిలా, కొబ్బరి వాసన వచ్చేది దాన్నుంచే. ఎండుకొబ్బరి, గసగసాలు, లవంగం, దాల్చినచెక్క నూరి వేసిన మసాలా మటన్‌కీ, దమ్ బిర్యానీకీ నేను రియోహా రెసెర్వా చెప్పేది ఇందుకే. కూరలో ఉన్న లవంగం, వైన్‌లో ఉన్న లవంగం ఒకదాన్నొకటి గుర్తుపడతాయి. ఆల్కహాల్ 13.5, 14 దగ్గర ఆగుతుంది, ఏళ్ళు గడిచి వగరు మెత్తబడి ఉంటుంది. బిర్యానీలో నెయ్యి, కొవ్వు ఉంటాయి, పక్కన పెరుగు చట్నీ మంటని అదుపులో పెడుతుంది. గట్టిదనం అంటే రియోహాలో పీపా, వయసు. ప్రియోరాట్‌లా గుద్దదు, కానీ నోట్లో చాలాసేపు ఉండిపోతుంది.

అక్కడి లొగ్రోన్యో ఊళ్ళో ద్రాక్ష కత్తిరింపుల ఎండు పుల్లలతో మంట వేసి చిన్న గొర్రెపిల్ల పక్కటెముకలు కాలుస్తారు. పుల్లలు భగ్గున మండి నిమిషాల్లో నిప్పులవుతాయి. ఉప్పు తప్ప ఇంకేమీ వేయరు. దాంతో క్రియాన్సా. రెసెర్వా కూడా అక్కర్లేదు.

రిబేరా దెల్ దుయేరో గురించి క్లుప్తంగా

మాంసం ప్రియులకి ఇది గొప్ప వైన్. మన కారానికి మాత్రం నేను చెప్పను. దుయేరో నది వెంట ఎత్తైన పీఠభూమి, తోటలు ఎక్కువగా 750 మీటర్ల పైనే. పగలు ఎండ, రాత్రి చలి. తెంప్రానియోనే ఇక్కడ తింతో ఫీనో అంటారు, అది కనీసం 75 శాతం ఉండాలి, తోడుగా కాబెర్నే, మెర్లో. ఈ ఫ్రెంచి రకాల్ని 1864లోనే తెచ్చి నాటింది ఎలోయ్ లెకాండా, ఆయన పెట్టిన తోటే నేటి వేగా సిసీలియా. 1982లో ఈ ప్రాంతానికి హోదా వచ్చింది. వగరు బిగువుగా ఉంటుంది. పాలు తాగే గొర్రెపిల్లని మట్టిపాత్రలో నీళ్ళు, ఉప్పుతో కట్టెల పొయ్యిలో కాల్చే లెచాసో దీని అసలు జోడీ. ఆరందా దే దుయేరోలో తిన్నాను, ఎముక నుంచి మాంసం చెంచాతో విడదీయవచ్చు. ఇంట్లో ఒవెన్‌లో మటన్ లెగ్ కాల్చే ఆలోచన ఉంటే రిబేరా తీసుకోండి.

తక్కువ డబ్బుతో గట్టి వైన్: హుమియ్యా, ఆరగాన్

హుమియ్యా ఆగ్నేయ స్పెయిన్‌లో ఎండకి మాడిపోయే చోటు. ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల వాన. మనకి కరవుసీమ అంటే గుర్తొచ్చే అనంతపురంలో కూడా దీనికి దాదాపు రెట్టింపు పడుతుంది. మొనస్త్రెల్ తీగలు చిన్న పొదల్లా, ఒకదానికొకటి దూరంగా, ఊతం లేకుండా నిలబడతాయి. ఇసుక నేలల వల్ల ఫిలాక్సెరా పురుగు బెడద ఇక్కడ 1989 దాకా పెద్దగా తగల్లేదు. అందుకే, ఆ పురుగుని తట్టుకునే వేరే వేళ్ళ మీద అంటుకట్టాల్సిన అవసరం రాని పాత తీగలు ఇంకా కొన్ని మిగిలాయి. మొనస్త్రెల్‌కి సీరానో కాబెర్నేనో కలిపిన వైన్ నల్లగా, ఎండు అంజూరం రుచితో, ధర చూస్తే నమ్మలేనంత నిండుగా ఉంటుంది.

అక్కడి గస్పాచో చల్లటి టమాటా సూప్ కాదు. కుందేలు మాంసం పులుసులో పులియబెట్టని పల్చటి రొట్టె ముక్కలు వేసి ఉడికించే వంట. పులుసు పీల్చుకుని రొట్టె మెత్తబడుతుంది. జొన్నరొట్టె తుంచి మటన్ పులుసులో నానబెట్టుకుని తినేవాళ్ళకి ఆ పళ్ళెం కొత్తగా అనిపించదు. తెలంగాణ పద్ధతిలో తలకాయ కూర, జొన్నరొట్టె చేసిన రోజు నేను హుమియ్యా తెరుస్తాను. తలకాయ జిగురుకి ఆ వగరు బాగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త, ఆల్కహాల్ శాతం చూసుకుని 14కి మించనిది ఎంచుకోండి.

ఇక కారమే ముఖ్యం, తగ్గించేది లేదు అనేవాళ్ళకి ఆరగాన్ ప్రాంతపు కుర్ర గర్నాచా. కాంపో దే బోర్హా, కలతాయుద్, కారిన్యేనా అనే పేర్లు లేబుల్ మీద చూడండి. ద్రాక్షకి ఆ పేరు రావడానికి కారణమైన ఊరు ఈ కారిన్యేనాయే, అయినా ఇక్కడ పండేది ఇప్పుడు ఎక్కువగా గర్నాచా. పీపా తగలనిది, హోవెన్ (Joven, అంటే కుర్రది) అని రాసి ఉన్నది తీసుకోవాలి. వగరు తక్కువ, పళ్ళ రుచి తీయగా తోస్తుంది, చల్లగా ఇస్తే ఆల్కహాల్ వేడి కూడా అణిగి ఉంటుంది. రొయ్యల వేపుడు, కోడి వేపుడు, చిల్లీ చికెన్ దేనికైనా సర్దుకుపోతుంది. గట్టిదనం తగ్గిందనిపిస్తే తగ్గిందనే అనుకోండి. ఆ మంటలో ఇంకా గట్టి వైన్ ఇచ్చినా దాని రుచి తెలియదు.

చేపల పులుసుకి వీటిలో ఏదీ వద్దు. రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిసి నోట్లో తుప్పు వాసన తెస్తుంది.

చల్లదనం, గాలి, మిగిలిన సీసా

రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలి అనే మాట చల్లటి యూరప్ ఇళ్ళది. మే నెల విజయవాడలో గది వేడి అంటే వైన్ కషాయమే. 16 నుంచి 18 డిగ్రీలు ఉండాలి. ఫ్రిజ్‌లో నలభై నిమిషాలు పెట్టి తీయండి, కుర్ర గర్నాచా అయితే గంట. వేడిగా ఉంటే ఆల్కహాల్ ముక్కుకి ముందు తగులుతుంది, మరీ చల్లనైతే వగరు పళ్ళకి పడుతుంది.

కొత్త ప్రియోరాట్, రిబేరా లాంటివి తాగడానికి గంట ముందు వెడల్పాటి గాజు జగ్గులోకి వంపితే గాలి తగిలి మెత్తబడతాయి. పాత గ్రాన్ రెసెర్వాకి అలా చేయకండి. దాన్ని ముందురోజే నిలబెట్టి ఉంచి, మడ్డి అడుక్కి దిగాక, కదలకుండా వంచుకోవాలి. సగం మిగిలిన సీసాకి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది, గర్నాచా ఎక్కువున్నది ముందు తాగేయండి.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. 15 శాతం వైన్ 750 మిల్లీలీటర్ల సీసాలో స్వచ్ఛమైన ఆల్కహాల్ 112 మిల్లీలీటర్లు ఉంటుంది, 12.5 శాతం సీసాలో 94. గ్లాసు సైజు అదే అయినా ఒకటి కాదు. కారు నడపాల్సినవాళ్ళకి అసలు పోయకండి.

పోయిన ఏడు బావగారు మళ్ళీ వచ్చారు, మళ్ళీ మిరప్పొడితోనే. ఈసారి రెండు సీసాలు తెచ్చాను. ముందు ఉప్పు, వెల్లుల్లి మాత్రమే రాసి ఒవెన్‌లో కాల్చిన పక్కటెముకలు పెట్టి, గంట ముందే జగ్గులోకి వంపిన ప్రియోరాట్ పోశాను. ఆయన ఎముక చప్పరించి, గుక్క తాగి, మారు మాట్లాడకుండా ఇంకో ముక్క తీసుకున్నారు. తర్వాత వేపుడు వచ్చింది, ఆయన చేతి వంటే, ఎర్రగా. నేను ఫ్రిజ్‌లోంచి చల్లటి కలతాయుద్ గర్నాచా తీశాను. "మరి ఇదేంటి, ఆ నల్లదే పొయ్యరా" అన్నారు. ప్రియోరాట్‌కి బిరడా పెట్టేసి, రేపు చీజ్‌తో ఇస్తానన్నాను.